వాతావరణపు మార్పులు - రైతుల తలనొప్పి
(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినము నేను విత్తనమును గురించి గాని, ఎరువును గురించి గాని మాట్లాడబోవుట లేదు. వానిని వాడి పైరు పండించు మనిషి తలను గురించి నాలుగు మాటలు చెప్పదలచితిని. మన గ్రామములలో "మబ్బు పట్టకముందే నాకు తల పట్టును" అని చెప్పువారు ప్రతి వీధిలోను ఒకరిద్దరు ఉందురు. ఇరుగుపొరుగువారు దానిని నవ్వులాటగా తీసికొందురు. కాని ఆ బాధ పడువారికి అది నవ్వులాట కాదు.

మెట్ట రైతును ఒకరిని తలచుకొనుడు. వేరుశనగ విత్తుటకు అదను వాన కొరకు ఆయన నెల దినములుగా ఎదురు చూచుచున్నాడు. వాన కురిసినది. నేలలో పదును నాలుగైదు దినములకు మించి నిలువదు. సరిగా ఆ మరుసటి ఉదయముననే తలలో ఒక ప్రక్క సుత్తితో కొట్టినట్లు నొప్పి, వాంతి, కన్ను తెరువలేని స్థితి. ఆ దినము గొర్రు కట్టలేదు. మరునాడు ఎద్దులు గాని, ట్రాక్టరు గాని దొరకలేదు. ఒక తలనొప్పి ఒక పంట అదనునే తినివేయగలదు. అందుచేత ఇది చిన్న విషయమని త్రోసివేయరాదు.

వాతావరణమునకు, తలకు గల సంబంధము

వాతావరణము మారునపుడు మన చుట్టు నాలుగు విషయములు మారును. అవి వేడిమి, గాలిలోని తేమ, వెలుతురు, వాయుపీడనము. వీనిలో మొదటి మూడింటిని మనము కంటితోను, చర్మముతోను తెలిసికొనగలము. నాల్గవది కనిపించదు గనుక దానిని గురించి కొంచెము వివరముగా చెప్పెదను.

మన తలపై గాలి బరువు ఎల్లప్పుడు ఉండును. దానినే వాయుపీడనము అందురు. సముద్ర మట్టమున అది సుమారు 1013 హెక్టోపాస్కల్‌లు. పూర్వము దీనినే మిల్లీబార్లలో చెప్పెడివారు. మన ప్రాంతములో ఇది ప్రతి దినము రెండుమార్లు పెరిగి, రెండుమార్లు తగ్గుచుండును. ఉదయము 10 గంటల ప్రాంతమున హెచ్చుగాను, సాయంత్రము 4 గంటల ప్రాంతమున తక్కువగాను ఉండును. ఈ తేడా మూడు నాలుగు హెక్టోపాస్కల్‌లు మాత్రమే. బంగాళాఖాతములో అల్పపీడనము ఏర్పడినపుడు ఇది మరికొంత తగ్గును. తుఫానులో మిక్కిలి తగ్గును. 2014 అక్టోబరు 12న విశాఖపట్నము వద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుఫాను కేంద్రములో పీడనము సుమారు 950 హెక్టోపాస్కల్‌లకు పడిపోయినది.

ఇట్లు పీడనము తగ్గినపుడు కొందరికి పార్శ్వపు నొప్పి వచ్చుచున్నట్లు పరిశోధకులు గమనించిరి. కాని అందరికిని రాలేదు. వచ్చినవారికిని ప్రతిసారి రాలేదు. దీనిని మనము స్వయముగ పరీక్షించుకొనవచ్చును. తిరుపతి నుండి తిరుమల కొండ యెక్కినవారు ఒక గంటలోపుననే సుమారు 70 హెక్టోపాస్కల్‌ల పీడనము తగ్గిన చోటికి చేరుదురు. ఏ అల్పపీడనమును మన ఊరిలో ఇంత తేడా తేదు. అయినను కొండ యెక్కిన వారందరును తల పట్టుకొని కూర్చుండుట లేదు గదా! అనగా పీడనము ఒక్కటే తలనొప్పిని తెచ్చుట లేదు. అది మరికొన్నిటితో కలిసినపుడే తెచ్చుచున్నది.

దీనిని చెరువుతో పోల్చి చూడుడు. చెరువులోనికి అయిదారు వాగులు వచ్చి చేరుచుండును. ఏ ఒక్క వాగు వలనను కట్ట పొర్లదు. అన్నియు ఒకేసారి వచ్చినపుడే పొర్లును. పార్శ్వపు నొప్పి స్వభావము గలవారి తల ఇట్టి చెరువు. వాతావరణము ఒక వాగు. నిద్ర చాలకపోవుట ఒక వాగు. వేళకు తినకపోవుట, దాహము, ఎండ వెలుగు, మనోవ్యాకులత, స్త్రీలకు నెలసరి సమయము, ఇవి తక్కిన వాగులు. వాతావరణపు వాగునకు మనము అడ్డుకట్ట వేయలేము. కాని తక్కిన వాగులను మళ్ళించగలము. ఈ నాటి నా ప్రసంగ సారాంశము ఇంతే.

మీ తలనొప్పి ఏ రకము?

పైరుకు తెగులేదో తెలియక మందు కొట్టరాదు. తలనొప్పికిని అంతే.

పార్శ్వపు నొప్పి: దీనినే మైగ్రేన్ అందురు. తరచుగా తలలో ఒక ప్రక్క నాడి కొట్టుకొనినట్లు నొప్పి యుండును. కదలినచో హెచ్చును. వాంతి వచ్చును, లేక వచ్చునట్లుండును. వెలుతురు, చప్పుడు సహింపవు. మందు తీసికొననిచో 4 గంటలు మొదలు 72 గంటల వరకు ఉండవచ్చును. పురుషులకంటె స్త్రీలలో ఇది సుమారు మూడు రెట్లు హెచ్చు. వాతావరణపు మార్పునకు ఎక్కువగా లోబడునది ఇదియే.

బిగువు నొప్పి: తల చుట్టు తలపాగా బిగించి కట్టినట్లుండును. వాంతి యుండదు. వంగి నాట్లు వేసినవారికిని, తలపై మోపులు మోసినవారికిని, మెడ కండరములు పట్టుకొనిపోయి వచ్చును.

ఎండ, దాహపు నొప్పి: చెమట రూపమున పోయిన నీరు, ఉప్పు తిరిగి చేరనందున వచ్చును. నోరు ఎండును, మూత్రము పచ్చబడును, తల దిమ్ముగా నుండును. నీడకు చేరి నీరు త్రాగినచో తగ్గుముఖము పట్టును.

చలికాలపు మంచులో తల బరువెక్కి ముక్కు కారినచో "సైనస్" అని తామే పేరు పెట్టుకొనువారు చాలమంది. నిజముగ సైనస్‌లో చీము పట్టినచో ముక్కు నుండి చిక్కని పచ్చని చీమిడి వచ్చును, తరచు జ్వరము కూడ ఉండును. ఇవి లేక మాటిమాటికి వచ్చు నొప్పి చాలవరకు పార్శ్వపు నొప్పియే. అట్టివారు ఊరకే సూక్ష్మజీవి నాశక మందులు మ్రింగుట వలన ఖర్చే గాని ఫలము లేదు.

తలనొప్పి లెక్క వ్రాయుట

పంటకు పెట్టుబడి లెక్క వ్రాసినట్లే తలనొప్పికి లెక్క వ్రాయవలెను. ఒక చిన్న పుస్తకము చాలును. లేదా గోడపై వ్రేలాడు క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే వ్రాయవచ్చును. నొప్పి ఎన్ని గంటలకు మొదలైనది, ఎంతసేపున్నది, ఆ దినము ఎండయా, ఉక్కయా, మబ్బా, వానయా, ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రించితిరి, వేళకు తింటిరా, ఏ పని చేసితిరి, ఎన్ని మాత్రలు వేసికొంటిరి, ఇవి వ్రాసిన చాలును. మూడు నెలలు తప్పక వ్రాయవలెను.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి కలదు. మబ్బు పట్టినను తలనొప్పి రాని దినములను కూడ వ్రాయవలెను. క్రొత్త ఎరువు పనిచేసినదో లేదో తెలియుటకు ప్రక్కన ఎరువు వేయని మడి యొకటి ఉంచుదుము గదా! ఆ పోలిక మడి లేనిదే ఫలితము తేలదు. నొప్పి వచ్చిన దినములనే జ్ఞాపకముంచుకొనువారికి ప్రతి నొప్పికిని వానయే కారణముగ తోచును. మూడు నెలల లెక్క చూచుకొన్నచో, మబ్బు పట్టిన పది దినములలో నొప్పి వచ్చినది మూడు దినములేయని, ఆ మూడు దినములును ముందు రాత్రి నీరు కట్టుటకు పోయి నిద్ర లేక గడపినవేయని తేలవచ్చును. అప్పుడు మళ్ళించవలసిన వాగేదో మీకే తెలియును. వైద్యుని యొద్దకు పోవునపుడు ఈ పుస్తకము వెంట తీసికొని పోయినచో ఆయన పని సగము తీరినట్లే.

కాలమును బట్టి జాగ్రత్తలు

వేసవి: "రోహిణి కార్తెలో రోళ్ళు పగులును" అను సామెత మీరెరిగినదే. రోళ్ళే పగులు ఎండలో తల నిలుచునా? మే నెలలో బరువు పనులను ఉదయము 10 గంటల లోపుగాను, సాయంత్రము ఎండ తగ్గిన పిదపను పెట్టుకొనవలెను. తలపాగాను తడిపి చుట్టుకొనుట, అంచు వెడల్పుగల టోపీ పెట్టుకొనుట మంచిది. ఎండలో బరువు పని చేయువారు దాహము వేయువరకు ఆగక, ప్రతి 15, 20 నిమిషములకు ఒక గ్లాసు నీరు త్రాగవలెను. ఒక్కసారిగా చెంబులకు చెంబులు త్రాగుట కూడ మంచిది కాదు. గంటకు 1.4 లీటర్లకు మించరాదు. మజ్జిగ, గంజి, రాగి అంబలి మిక్కిలి మేలు. చెమట విపరీతముగ పోయినపుడు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి త్రాగవలెను. చెంచా అనగా చిన్న టీ చెంచా, తలకొట్టుగా కొలువవలెను. ఉప్పు హెచ్చినచో హాని. రక్తపోటు, గుండె, మూత్రపిండముల జబ్బులు గలవారు ఉప్పును, నీటిని వైద్యుడు చెప్పిన మేరకే తీసికొనవలెను.

తొలకరి: మృగశిర వచ్చిన పిదప వేడిమి కొంత తగ్గినను ఉక్క హెచ్చును. గాలిలో తేమ నిండియున్నందున చెమట పట్టునే గాని ఆరదు. చెమట ఆరిననే శరీరము చల్లబడును. అందుచేత మబ్బు పట్టినది గదాయని నీరు త్రాగుట మానరాదు. విత్తు దినములలో తెల్లవారుజామున లేచి ఏమియు తినక పొలము పోవుట మన అలవాటు. పార్శ్వపు నొప్పి గలవారు అట్లు చేయరాదు. పిడికెడు చద్దన్నము మజ్జిగతో నైనను తిని పోవలెను. ఏకాదశులు, ఒక్కపొద్దులు ఉండువారు విత్తు పని, ఉపవాసము ఒకే దినమున పెట్టుకొనకుండుట మేలు.

తుఫాను కాలము: అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కోస్తా ప్రాంతమునకు అల్పపీడనములు తరచు. భారత వాతావరణ శాఖవారు తుఫానును గురించి కొన్ని దినముల ముందుగనే హెచ్చరిక ఇచ్చుచున్నారు. మీరు దానిని కోసిన పనలను కుప్ప వేయుటకు వినుచున్నారు. తల కొరకు కూడ వినవలెను. హెచ్చరిక వచ్చిన దినము మొదలు రెండు మూడు రాత్రులు వేళకు పడుకొనుట, వేళకు తినుట, కాఫీ, టీలను మామూలుగ త్రాగునంతే త్రాగుట అలవరచుకొనవలెను. రోజుకు నాలుగు టీలు త్రాగువారు ఒక్కసారిగ మానినను తల నొచ్చును; రెండింతలు త్రాగినను నిద్ర చెడి తల నొచ్చును.

చలికాలము: మంచులో తెల్లవారుజామున పాలు పితుకువారు, నీరు కట్టువారు చెవులు, నుదురు మూసికొనునట్లు మఫ్లరు గాని, కండువా గాని చుట్టుకొనవలెను. ఎండ వాలుగా కంటిలో పడునపుడు టోపీ అంచును ముందుకు దించుకొనవలెను.

నొప్పి మొదలైనచో

పని ఆపి, చీకటిగా, చప్పుడు లేకుండనున్న గదిలో పడుకొనవలెను. నుదుటిపై తడిగుడ్డ వేసికొనవచ్చును. నీరు త్రాగవలెను. నుదుటికి బామ్ రాచుకొనుట వలన కొంత హాయి కలుగును. కంటికి తగులనీయరాదు, పసిపిల్లలకు రాయరాదు. శొంఠి పట్టు వేయువారు చర్మము బొబ్బలెక్కనంతవరకే ఉంచవలెను.

మాత్ర వేసికొనదలచినచో నొప్పి ముదిరిన పిదప గాక మొదట్లోనే వేసికొనుట మేలు. పెద్దలకు పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి గాని, రెండు గాని చాలును. తిరిగి వేసికొనుటకు కనీసము నాలుగైదు గంటలు ఆగవలెను. ఎట్టి పరిస్థితిలోను ఒక దినములో 4,000 మిల్లీగ్రాములు, అనగా 8 మాత్రలు, మించరాదు. సారాయి అలవాటు గలవారు, కాలేయపు జబ్బు గలవారు, మిక్కిలి బక్కపలుచనివారు ఇంకను తక్కువ వాడవలెను. వైద్యుని అడిగి వాడవలెను.

డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలతో మరింత జాగ్రత్త అవసరము. ఎండలో చెమటోడ్చి, నీరు త్రాగక, ఉత్త కడుపుతో ఇవి మ్రింగినచో కడుపులో పుండ్లు పడవచ్చును, మూత్రపిండములు దెబ్బతినవచ్చును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతములో మూత్రపిండముల జబ్బుతో ఎన్ని కుటుంబములు బాధపడుచున్నవో మీరు వినియుందురు. అట్టి జబ్బు గలవారు, గర్భిణీ స్త్రీలు వైద్యుడు చెప్పనిదే వీనిని ముట్టరాదు.

ఇంకొక సంగతి చాలమందికి తెలియదు. తలనొప్పి మాత్రయే తలనొప్పిని తెచ్చును! నెలకు 15 దినములు, అంతకు మించి మామూలు నొప్పి మాత్రలు వేసికొనువారికిని, రెండు మూడు మందులు కలిపిన మాత్రలను 10 దినములకు మించి వేసికొనువారికిని, ఆ మాత్రల వలననే ప్రతిదినము తల నొచ్చు స్థితి ఏర్పడును. ఒకే పురుగుమందును మాటిమాటికి కొట్టినచో పురుగు లొంగక పోవుట మీరు చూచినదే. ఇదియు ఇంచుమించు అట్టిదే. అందుచే మీ లెక్క పుస్తకములో మాత్రల లెక్క తప్పక ఉండవలెను. నెలకు నాలుగు దినములకంటె హెచ్చుగా నొప్పి వచ్చి పని చెడుచున్నచో, రాకుండ నివారించు మందులు కలవు. వానిని వైద్యుడే నిర్ణయించవలెను. ఒకరికి వ్రాసినది మరియొకరు వాడరాదు. అట్టి మందులలో ఒకటియైన ప్రొప్రనొలాల్ ఉబ్బసము గలవారికి పనికిరాదు.

వాతావరణముపై నెట్టరాని తలనొప్పులు

ఇది నేను మీకు నొక్కి చెప్పదలచిన విషయము. తల నొచ్చిన ప్రతిసారి "గాలి మారినది" అనుకొనుట ప్రమాదకరము.

మొదటిది, పురుగుమందు. ప్రత్తికి గాని, మిరపకు గాని మందు కొట్టిన దినమున తల నొచ్చి, కండ్లు తిరిగి, నోట నీరు ఊరి, చెమట పట్టి, చూపు మసకబారి, వాంతి, విరేచనములు, కండరములు అదరుట కలిగినచో అది ఎండ దెబ్బ కాదు, విషము సోకుట. వెంటనే పని ఆపి, బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్ళంతయు కడిగి, మందు డబ్బాను గాని, దాని చీటీని గాని వెంట తీసికొని ఆసుపత్రికి పోవలెను. కొన్నిటికి విరుగుడు మందు ఆసుపత్రిలో కలదు. ఏ మందో తెలిసిననే వైద్యుడు దానిని ఇయ్యగలడు. బలవంతముగ వాంతి చేయించరాదు.

రెండవది, బొగ్గు పొగ. చలికి తలుపులన్నియు మూసి గదిలో కుంపటి పెట్టుకొని పడుకొనుట మన్యములో పరిపాటి. ఆరుచున్న బొగ్గుల నుండి కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. మొదట కనిపించు గురుతు తలనొప్పియే. ఇంటిల్లిపాదికి ఒకేసారి తల నొచ్చి, బయటికి వచ్చినంతనే తగ్గినచో అది చలి వలన వచ్చినది కాదు. పొగాకు బేరన్‌లలో పని చేయువారును, గోతిలో డీజిలు ఇంజను నడుపువారును దీనిని గుర్తుంచుకొనవలెను. ఇంజను ఆడుచున్న గోతిలోనికి దిగరాదు.

మూడవది, వడదెబ్బ. తలనొప్పితో పాటు ఒళ్ళు కాలిపోవుచు, మాట తడబడి, మతి తప్పినచో ప్రాణాపాయము. శరీర వేడిమి 104 డిగ్రీల ఫారన్‌హీట్ చేరి యుండవచ్చును. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతయు నీటితో తడిపి విసరుచు, 108కి ఫోను చేయవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

ఆసుపత్రికి పరుగెత్తవలసిన గురుతులు

పిడుగు పడినట్లు ఒక్క క్షణములో వచ్చిన భరింపరాని తలనొప్పి, జ్వరముతో మెడ బిగుసుకొనుట, మూతి వంకర పోవుట, ఒక చేయి, కాలు పట్టు తప్పుట, మాట ముద్దకట్టుట, మూర్ఛ, చెట్టుపై నుండి గాని, బండిపై నుండి గాని పడిన పిదప వచ్చిన నొప్పి, 50 ఏండ్లు దాటిన పిదప క్రొత్తగా మొదలైన నొప్పి, గర్భిణికి వచ్చిన తీవ్రమైన తలనొప్పి, కంటి మసకలు. వీనిలో ఏ ఒక్కటి కనిపించినను మబ్బు వైపు చూచుచు కూర్చుండక, మాత్ర మ్రింగి పడుకొనక, ఆసుపత్రికి పోవలెను. పక్షవాతపు గురుతులు కనిపించినపుడు ప్రతి నిమిషమును విలువైనదే.

సోదరులారా! వానను మనము రప్పించలేము, ఆపలేము. అయినను వాన రాకకు పొలమును సిద్ధము చేసికొందుము గదా! గట్లు సరిచూతుము, కాలువ పూడిక తీతుము. తలను కూడ అట్లే సిద్ధము చేసికొనవలెను. వేళకు నిద్ర, వేళకు ఆహారము, చాలినంత నీరు, ఎండకు నీడ, మాత్రలకు లెక్క, ఈ అయిదింటికి పెట్టుబడి లేదు. ఇంటిలో తల్లికో, భార్యకో, కోడలికో తరచు తలనొప్పి వచ్చుచున్నచో, "ఎప్పుడూ ఉండేదేలే" అని త్రోసివేయక, ఆ పుస్తకము వారిచేత కూడ వ్రాయించుడు. నాట్ల దినములలో పొద్దుటి పొయ్యి, పగటి పొలము, రాత్రి వంట, అన్నియు వారి తలపైననే యుండును.

రేపటి నుండియే లెక్క మొదలుపెట్టుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను. నమస్కారము.